నల్లబల్ల మీద నాలుగు గళ్ళు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల మనకు ఏమిచ్చిందో చెప్పుకోవడం ఇటువంటి సభలలో ఆచారం. ఇక్కడ నేర్చిన ఒకే ఒక పాఠం నా జీవితంలో అతి కష్టకాలంలో ఎలా అక్కరకు వచ్చినదో నేను మనవి చేస్తాను. పండుగపూట దుఃఖవార్త ఎందుకని భావించవద్దు. ఈ మాటలు వినవలసినవారు ఈ సభలో ఉన్నారని నా నమ్మకం.

1992లో నేను పదవ తరగతి చదువుతుండగా మా సైన్సు అయ్యవారు నల్లబల్ల మీద నాలుగు గళ్ళు గీసి మెండెల్ బఠానీ మొక్కల ప్రయోగం బోధించారు. పొడుగు మొక్కలో పొట్టి లక్షణం పైకి కనబడకుండా దాగి ఉండవచ్చుననీ, దానిని అంతర్గత లక్షణమంటారనీ, అటువంటి రెండు మొక్కలను సంకరపరచినప్పుడు నాలుగింట ఒక వంతు పొట్టి మొక్కలు వస్తాయనీ చెప్పారు. పరీక్షలో తప్పక వచ్చే ప్రశ్న అని నేను కంఠస్థం చేశాను. అంతకు మించి ఆలోచించలేదు.

నా వివాహం మేనత్త కుమారునితో జరిగింది. మన హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాలలో మేనరికం వింత కాదు. 2001లో మాకు పాప పుట్టింది. చక్కని కళ్ళు, చక్కని నవ్వు. రెండు నెలలు నిండిన తరువాత కాళ్ళ కదలిక తగ్గింది. పడుకోబెడితే రెండు కాళ్ళూ కప్ప కాళ్ళ వలె పక్కలకు వాలిపోయేవి. మెడ నిలువలేదు. ఏడుపు సన్నగిల్లింది. ఊపిరి తీసినప్పుడు రొమ్ము లోపలికి పోయి, పొట్ట పైకి లేచేది. తొలుత చూపించిన వైద్యులు కొందరు పిల్లలకు మెడ ఆలస్యంగా నిలుస్తుందని చెప్పి టానిక్కు వ్రాసి ఇచ్చారు. నాలుగవ నెలలో బెంగుళూరు తీసుకువెళ్ళాము. అక్కడి నరాల వైద్యులు పాప నాలుక మీది సన్నని వణుకు చూచి కొంతసేపు మౌనంగా ఉండిపోయారు. రక్తపరీక్షలో స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, మొదటి రకం అని తేలింది.

వెన్నుపాములో కండరాలను ఆడించే నాడీకణాలు ఉంటాయి. అవి బ్రతకడానికి ఒక మాంసకృత్తు అవసరం. దానిని తయారుచేయించే జన్యువు అయిదవ క్రోమోజోము మీద ఉన్నది. శాస్త్రజ్ఞులు దానిని గుర్తించినది 1995లో. ఆ జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తుంది. రెండూ లోపించిన బిడ్డకే ఈ వ్యాధి. సుమారు పదివేల జననాలలో ఒకరికి కనబడుతుంది. బుద్ధికి లోటు ఉండదు. మా పాప అందరినీ గుర్తించేది. పిలిస్తే కళ్ళతోనే పలికేది. నాటికి మందు లేదు. మొదటి రకం బిడ్డలు రెండవ ఏడు చూడడం అరుదని వైద్యులు చెప్పారు.

ఇంటికి వచ్చిన నాడు మా అత్త నన్ను చూచి, గ్రహణం నాడు నేను జాగ్రత్తగా లేనందువలననే ఇలా జరిగిందన్నది. తరువాత నా పుట్టింటివారి నాగదోషమన్నది. నా పుట్టిల్లే తన పుట్టిల్లు కూడా అని ఆ దుఃఖంలో ఆమెకు తోచలేదు. వైద్యులు చెప్పినదంతా ఇంగ్లీషులో. ఆమెకు తెలుగు తప్ప మరొకటి రాదు. అప్పుడు నాకు మా అయ్యవారి నల్లబల్ల జ్ఞాపకం వచ్చింది. ముగ్గుపిండి తెచ్చి వసారాలో నాలుగు గళ్ళు గీశాను. గట్టి గింజలు, పుచ్చు గింజలు తెచ్చి పేర్చాను. "నాలో ఒక పుచ్చు గింజ ఉన్నది, బావలోనూ ఒకటి ఉన్నది. ఒక్కటి ఉంటే మనిషికి ఏమీ కాదు. రెండూ ఒక బిడ్డకే చేరితే ఇలా అవుతుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు" అని చెప్పాను. ఆమె ఆ గళ్ళను చాలాసేపు చూచింది.

"అయితే నీకు మా అన్న ఇచ్చి ఉంటాడు, వాడికి నేను ఇచ్చి ఉంటాను. మా ఇద్దరికీ ఇచ్చింది మా అమ్మో, మా నాయనో" అన్నది.

"ఎవరిచ్చినా తెలిసి ఇచ్చింది కాదత్తా" అన్నాను.

ఆ రాత్రి నుండి పాప సంరక్షణలో సగం ఆమెదే అయింది. పాలు మింగడం కష్టమైనందున ముక్కు గొట్టం ద్వారా పట్టేవాళ్ళం. గొంతులో చేరిన కఫాన్ని గంటగంటకూ చిన్న యంత్రంతో తీసేవాళ్ళం. పక్కకు ఒత్తిగిలబెట్టి, అరచేతిని దోసిలి వలె వంచి వీపు మీద మెల్లగా తట్టేవాళ్ళం. రాత్రి రెండు గంటల వరకు నేను, ఆ తరువాత తెల్లవారే వరకు మా అత్త.

ఎనిమిదవ నెలలో ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. కృత్రిమ శ్వాసయంత్రం మీద ఉంచవచ్చుననీ, దాని నుండి విడిపించడం సాధ్యం కాకపోవచ్చుననీ వైద్యులు చెప్పారు. మేము పాపను ఇంటికి తెచ్చుకున్నాము. మూడవ నాటి వేకువన మా అత్త ఒడిలో కన్నుమూసింది. ఆ నిర్ణయం సరియైనదేనా అని నేటికీ అప్పుడప్పుడు మనసు అడుగుతుంది. అదే స్థితిలో మరొక తల్లి మరొక నిర్ణయం తీసుకుంటే తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు.

మళ్ళీ గర్భం ధరించినప్పుడు పదకొండవ వారంలో మావి నుండి సూక్ష్మభాగం తీసి పరీక్షించారు. బిడ్డకు వ్యాధి లేదన్నారు. మా అబ్బాయి ఆరోగ్యంగా ఉన్నాడు. అతనిలోనూ ఒక పుచ్చు గింజ ఉన్నది. సంబంధం మాటలకు ముందే ఈ సంగతి చెప్పాలని అతనికి నేర్పాము.

నేడు పరిస్థితి మారింది. ఈ వ్యాధికి 2016లో నుసినర్సెన్, 2019లో ఒకే మోతాదు జన్యుచికిత్స, 2020లో నోటి ద్వారా ఇచ్చే రిస్డిప్లామ్ అమెరికాలో ఆమోదం పొందాయి. ఖరీదు సామాన్యుని ఊహకు అందదు. భారత ప్రభుత్వం 2021లో అరుదైన వ్యాధుల విధానాన్ని ప్రకటించింది. 2022లో అందులోని సహాయ పరిమితిని రోగికి 50 లక్షల రూపాయలకు పెంచింది. కాని ఏ మందైనా చనిపోయిన నాడీకణాలను తిరిగి బ్రతికించలేదు. అందువలన ఒక్కొక్క వారమూ విలువైనదే. పసిబిడ్డ కాళ్ళు ఆడించడం తగ్గితే, మెడ నిలువకపోతే, ఇరుగుపొరుగు ధైర్యవచనాలతో కాలం గడపక నిపుణులకు చూపించండి.

మేనరికాలు చేసుకున్నవారిని నేను నిందించను, నేనూ అందులోని దానినే. మేనత్త, మేనమామ బిడ్డలకు జన్యువులలో సగటున ఎనిమిదవ వంతు ఉమ్మడి. మేనమామ, మేనకోడళ్ళకు నాలుగవ వంతు. దాగిన లోపాలు కలుసుకునే అవకాశం అందువలన హెచ్చుతుంది. పరాయి సంబంధాలలోనూ ఈ వ్యాధి రావచ్చు. కుటుంబంలో ఇటువంటి బిడ్డ పోయి ఉంటే దాచిపెట్టకండి. పెళ్ళికి ముందో, గర్భానికి ముందో జన్యు సలహా పొందండి. అన్నిటికీ మించి, తల్లిని దోషిని చేయకండి.

మా పాఠశాలలో సైన్సును తెలుగులో బోధించారు. అందువలననే వైద్యులు ఇంగ్లీషులో చెప్పినదానిని మా అత్త ముందు ముగ్గుపిండితో గీయగలిగాను. ఈ రోజు వేదిక మీద కూర్చున్న మా అయ్యవారికి ఈ సంగతి ఇంతవరకు తెలియదు. తెలియజేయాలనే వచ్చాను.