దీపమే దూత
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు బాబిలోనియా దేవతల ప్రసక్తి ఎందుకని కొందరికి తోచవచ్చును. టైగ్రిస్, యూఫ్రటీసు నదుల నడిమి ఆ దేశమున కూడ సంవత్సరాది వసంతములోనే వచ్చెడిది. నిసన్ను మాసారంభమున అకీతు అనే ఉత్సవము జరిపెడివారు. నాలుగవనాటి సాయంకాలము ప్రధానార్చకుడు మర్దుక్ దేవుని ఎదుట 'ఎనూమా ఎలిష్' అనే సృష్టికావ్యమును చదివెడివాడు. అందులో కక్క అనే దూత కలడు. అన్షర్ చెప్పిన సుదీర్ఘ సందేశమును అతడు పొల్లుపోకుండ తిరిగి అప్పగిస్తాడు. తన మాట ఒకటి చేర్చడు, స్వామి మాట ఒకటి విడువడు. దూతధర్మమును వారు అట్లు భావించినారు.

ఇక అగ్ని విషయము. సుమేరియనులు అతనిని గిబిల్ అన్నారు, అక్కాడియనులు గిర్ర అన్నారు. రాయి అరుదైన ఆ సీమలో ఇటుకల ఆవము, లోహకారుల కొలిమి అతని ఆధీనములోనివి. ఇల్లు నిలిపేదీ అతడే, ఆగ్రహించితే కాల్చేదీ అతడే.

అతని న్యాయమును 'మక్లూ' అనే క్రతువులో చూడవచ్చును. మక్లూ అనగా దహనము. మంత్రములు 8 మట్టిపలకలలోను, విధానము తొమ్మిదవ పలకలోను ఉన్నవి. అబు మాసాంతమున, అనగా జూలై - ఆగస్టు ప్రాంతమున, ఒక రాత్రి మొదలిడి మరునాటి ఉదయము వరకు దీనిని నడిపెడివారు. ఎవరో తనకు చేతబడి చేసినారని కుమిలే రోగి, మైనముతోను, మట్టితోను, కొయ్యతోను చేసిన బొమ్మలను గిర్రకు అర్పించెడివాడు. చేసినది ఎవరో అతనికి తెలియకపోయినను అగ్నికి తెలియునని నమ్మకము. ఈ క్రతువులో కాలినది బొమ్మయే గాని మనిషి కాదని గమనింపవలెను.

ఆ రాత్రి గిర్రతోపాటు పిలువబడే మరొక దేవుడు నుస్కు. నిప్పూరు నగరమున ఎన్లిల్ దేవునికి ఇతడు మంత్రి, దూత. సరిహద్దు రాళ్లమీద ఇతని గుర్తు దీపము. అస్సూరు నగరపు త్రవ్వకాలలో దొరకి నేడు బెర్లినులో ఉన్న ఒక పీఠముపై, క్రీ.పూ. 13వ శతాబ్దపు రాజు తుకుల్తి-నినుర్త నిలిచి ఒకమారు, మోకరిల్లి ఒకమారు కనబడతాడు. అస్సూరు, ఎన్లిల్ దేవుల సన్నిధిలో రాజు ప్రార్థనను అనుదినము విన్నవించేవాడు నుస్కు అని దానిమీది శాసనము.

దీపమునకు దౌత్యమెట్లు వచ్చినది? సూర్యుడు న్యాయాధిపతి. అతడు అస్తమించిన పిమ్మట బాధితుని గోడు వినేదెవరు? చీకటిలో మేల్కొని ఉన్నది దీపమొక్కటే. కనుక అదే దూత.

మన ఋగ్వేదములోను అగ్ని దేవదూత, హవ్యవాహనుడు. అంతమాత్రమున ఒకరినుండి ఒకరు గ్రహించినారని చెప్పబోము. క్రీ.పూ. 14వ శతాబ్దపు హిట్టైటు - మితన్ని సంధిపత్రమున మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లు ఉన్నవి. అగ్ని పేరు లేదు. రాత్రివేళ నిప్పుముందు కూర్చున్న మానవుని అనుభవము ఎక్కడైనను ఒకటే అనుకొనుట సమంజసము.

నుస్కు నిప్పూరులోనే ఉండిపోలేదు. ఉత్తరమున హర్రాను నగరమునకు పోయినాడు. అక్కడ చంద్రదేవుడైన సీన్‌కు కుమారుడైనాడు. క్రీ.పూ. 6వ శతాబ్దమున నబొనిదసు రాజు అచటి చంద్రాలయమును పునరుద్ధరించినప్పుడు నుస్కును కూడ స్మరించినాడు. అంతకుముందే, అలెప్పో సమీపమున నేరబులో చంద్రుని అర్చకుల సమాధిశిలలమీద అరమాయికు భాషలో 'నుస్క్' అని అతని పేరు చెక్కినారు. ఊరు మారినది, తండ్రి మారినాడు, పేరు చివరి అచ్చు రాలినది. అయినను తమ సమాధిని చెరిచినవారిని శిక్షింపుమని ఆ అర్చకులు వేడుకొన్న దేవతలలో అతడొకడు.

పొరుగు భాషల నడుమ తరతరాలుగా కాపురముంటున్న మన ఇండ్లలోను తెలుగు కొంత మారినది. కొన్ని మాటలు చేరినవి, కొన్ని రాలినవి. అందుకు సిగ్గుపడనక్కరలేదు. పెద్దలు అప్పగించిన మాటను పిల్లలకు కక్క వలె పొల్లుపోకుండ చేర్చలేకపోవచ్చును. నుస్క్ వలె చేర్చినను చాలును. చేర్చకుండుట మాత్రము దూతధర్మము కాదు.

అందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.