ఇండియా నుంచి వచ్చిన స్కాన్ సీడీని లైనక్సులో చూడటం



దేశంకాని దేశంలో ఉన్న మనకి ఎప్పుడో ఒకప్పుడు ఊరినుంచి ఓ స్కాన్ సీడీ వస్తుంది. "అక్కడెవరైనా మంచి డాక్టరుకి చూపించరా" అని కబురు. ఆ సీడీలో ఉండే వ్యూయర్ సాధారణంగా విండోస్‌లోనే పనిచేస్తుంది. ఇంట్లో లైనక్స్ వాడేవాళ్ళ సంగతేమిటి? ఈరోజు అదే చెబుతాను.

సీడీలో ఉండే బొమ్మలు డైకామ్ అనే పద్ధతిలో ఉంటాయి. ఆ పేరు 1993లో వచ్చింది. ఏ కంపెనీ మిషనుతో తీసినా పద్ధతి ఒకటే. కాబట్టి ఆ వ్యూయర్ లేకపోయినా ఇబ్బంది లేదు.

నేను వాడేది త్రీడీ స్లైసర్. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్, ఎంఐటీ కలిసి 1998లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. పూర్తిగా ఉచితం. స్లైసర్ సైటునుంచి లైనక్స్ ఫైలు దించుకుని మీ హోమ్ ఫోల్డర్లోనే విప్పండి. లోపల స్లైసర్ అనే ఫైలుంటుంది, దాన్ని టెర్మినల్ నుంచి నడపండి. ఏదైనా లైబ్రరీ లేకపోతే అక్కడే దాని పేరు చెబుతుంది. ఉబుంటు, ఫెడోరాలకి ఏయే ప్యాకేజీలు కావాలో స్లైసర్ వాళ్ళ డాక్యుమెంటేషన్లో రాసి ఉంది. పాస్‌వర్డ్ అవసరమయ్యేది ఆ ప్యాకేజీలు వేసుకోవడానికే.

తరువాత సీడీ మొత్తాన్ని ఓ ఫోల్డర్లోకి కాపీ చేసుకోండి. ఫైళ్ళ పేర్లు అర్థంకాకుండా ఉన్నా మార్చకండి. డైకామ్ మాడ్యూల్లో ఆ ఫోల్డర్ని ఇంపోర్ట్ చేసి, కావలసిన సిరీస్‌ని ఎంచుకుని లోడ్ నొక్కితే మూడు వైపులనుంచీ కోతలు కనిపిస్తాయి.

ఇంత శ్రమ ఎందుకంటారా? మా నాన్నగారికి నడుము ఆపరేషన్ చెయ్యాలన్నారు. తమ్ముడు ఫిల్ముని ఫోన్లో ఫోటో తీసి పంపాడు. ఇక్కడ మాకు తెలిసిన డాక్టరుగారు "ఫోటో చూసి ఏమీ చెప్పలేనండీ, అసలు బొమ్మలు కావాలి" అన్నారు. నిజమే మరి. సీటీలో ప్రతి చుక్కకీ ఓ అంకె ఉంటుంది: నీటికి 0, గాలికి మైనస్ 1000, ఎముకకి వందల్లో. వెలుగు మార్చి చూస్తే ఒకసారి ఎముక, ఇంకోసారి కండ తేటగా కనిపిస్తాయి. ఫోటోలో ఆ అంకెలు మిగలవు. ఫోల్డరంతా పంపాకే ఆయన నాన్నగారితో గంటసేపు మాట్లాడగలిగారు.

రెండు జాగ్రత్తలు. ఈ సాఫ్ట్‌వేర్ పరిశోధన కోసం చేసింది. వైద్యానికి దీనికి అనుమతి లేదు. బొమ్మ మనకి కనిపించినంత మాత్రాన జబ్బు తెలిసినట్టు కాదు, ఆ మాట డాక్టరే చెప్పాలి. రెండోది, ఈ ఫైళ్ళలో రోగి పేరు, పుట్టినతేదీ కూడా ఉంటాయి. డాక్టరుకి తప్ప ఇంకెవరికీ పంపకండి.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, స్కాన్ తీయించుకుంటే ఫిల్ముతోపాటు సీడీ కూడా అడిగి తీసుకోమని చెప్పండి. సెలవు.