చెమట చేతిలో తుపాకి కర్ర
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుక మీద ఉండగానే తుపాకుల మాట ఎత్తుతున్నామని కొందరు నవ్వుకొంటున్నారు. నవ్వవచ్చును. కాని మన గుడియాత్తం వంటి ఊళ్ళలో ఈ మాటతో పనిబడేవారు తక్కువేమీ కాదు. పట్టాళంలో పనిచేసి వచ్చి, బ్యాంకు వాకిట పన్నెండు బోరు తుపాకి పట్టుకొని నిలబడే మన వాళ్ళున్నారు. వేలూరు దగ్గరి కమ్మవాన్‌పేటకు సైనికుల ఊరనే పేరున్నది. కర్తరి ఎండల్లో, ఆ తరువాత ఆశ్వయుజ కార్తికాల ముసురులో, వీరందరికీ ఒకటే బాధ. అరచేయి చెమర్చగానే తుపాకి కర్ర సబ్బుముక్కలాగ జారుతుంది. జారిన తుపాకి మొన ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? పక్కన నిలిచినవాని ప్రాణంతో ముడిపడిన సంగతి ఇది.

ఈ సీమకు కొయ్య తుపాకి కొత్తది కాదు. 1806 జూలై 10 తెల్లవారకముందే వేలూరు కోటలో తిరుగబడిన సిపాయిల చేతుల్లో ఉన్నవి సుమారు నాలుగున్నర కిలోల బరువుగల కంపెనీ తుపాకులు. మద్రాసు సైన్యంలో తెలుగువారు మెండుగా ఉండేవారు గనుక ఆ బరువు మన పూర్వులు మోసినదే. తరువాత త్రీనాట్‌త్రీ వచ్చినది, 1960 దశకంలో ఇషాపూరు ఎస్.ఎల్.ఆర్. వచ్చినది. 1990 దశకం చివర ఇన్సాస్ వచ్చిన తరువాతనే సైన్యంలో కొయ్య పోయి ప్లాస్టిక్కు స్థిరపడినది. అంతవరకు బ్రిటిషు పద్ధతి ఒకటే: అక్రోటు కర్రను పచ్చి అవిసె నూనెలో నానబెట్టడం. మెరుగులు లేవు. ఎందుకో చూడండి.

గొడ్డలి కామకు, పార పిడికి ఎవరైనా వార్నిషు పూస్తారా? పూయరు. కొయ్య ఒట్టిదిగా ఉంటే దానికి సన్నని రంధ్రాలుంటాయి. చేతి చెమటను కొంత పీల్చుకొంటుంది, చర్మానికి పట్టు దొరుకుతుంది. నున్నని పొర కప్పితే చెమటకు పోయే దారి లేదు. అది చేతికీ కర్రకూ మధ్య నీటి పొరగా నిలుస్తుంది. జారేది కర్ర మీద కాదు, ఆ నీటి మీద. లక్కను స్పిరిటులో కరిగించి చేసే పాలిషు ముసురులో తెల్లబారుతుంది కూడా. మైనం ఎండకు మెత్తబడుతుంది.

నూనె అన్నాము గదా అని వంటింటి సీసా అందుకోవద్దు. కొబ్బరి, వేరుశెనగ, ఆముదం ఎన్నాళ్ళున్నా గట్టిపడవు. జిడ్డుగా నిలిచి జారుడును పెంచుతాయి. అవిసె నూనె ఆరడమంటే తడిబట్ట ఆరినట్లు కాదు. గాలిలోని ప్రాణవాయువును పట్టుకొని, కొయ్య లోపలనే గట్టిపడుతుంది. అదే దాని గుణం.

ముందుగా తుపాకిలో గుండు లేదని ఒకటికి రెండుసార్లు చూచుకోవలెను. పాత వార్నిషు ఉంటే సన్నని ఉప్పు కాగితంతో కర్ర నిలువు వెంటనే, అడ్డంగా కాక, రుద్ది తీయవలెను. (తాతల నాటి విలువైన తుపాకి అయితే పనివానికి చూపనిదే ముట్టుకోవద్దు.) రంగుల అంగడిలో డబుల్ బాయిల్డ్ అవిసె నూనె దొరుకుతుంది. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకొని కర్ర వేడెక్కేటట్లు రుద్ది, పావుగంట ఆగి, మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచివేయవలెను. తుడవకపోతే జిగురు కడుతుంది. పూర్తిగా ఆరిన తరువాతనే రెండవ పూత. ముసురు రోజుల్లో ఎక్కువ కాలం పడుతుంది, తొందర పనికిరాదు. మడమ చివర రేకు విప్పి, అక్కడి కోసిన కొయ్యకు కూడా పట్టించవలెను. తేమను ఎక్కువగా తాగేది ఆ చోటే.

ఒక్క హెచ్చరిక. ఆ నూనె గుడ్డలను ముద్దచేసి మూల పడవేయవద్దు. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకొంటుంది. మగ్గాల నూలు, అగ్గిపెట్టెల కార్ఖానాలు ఉన్న ఊరు మనది! విప్పి ఆరబయట పరచండి, లేదా నీళ్ళలో ముంచండి.

పట్టు చోట చెక్కిన గళ్ళుంటే అవే చేతికి పెద్ద ఆధారం. నూనె పోసి వాటిని పూడ్చవద్దు. మురికి చేరితే పాత పళ్ళ బ్రష్షును కొంచెం టర్పెంటైనులో తడిపి గీకితే చాలును. కొందరు సైకిలు ట్యూబు బిగిస్తారు. పట్టు బాగానే ఉంటుంది, మేము కాదనము. కాని దాని కింద చెమట నిలిచి కర్ర నల్లబడుతుంది, ఇనుము దగ్గర తుప్పు పడుతుంది. తోలు చుట్టినా అంతే, పైగా బూజు. మన జిల్లా తోలుకు పేరుపొందినది గనుక ఈ మాట కొందరికి కష్టంగా ఉండవచ్చు.

గొట్టానికి రాసే మరనూనె మరొక శత్రువు. తుపాకిని మొన పైకి నిలిపితే అది మెల్లగా కిందికి దిగి, సరిగ్గా చేయి పట్టే చోట కొయ్యను నానబెడుతుంది. తుడిచిన రాత్రి గుడ్డ మీద మొన కిందికి ఆనించి ఉంచండి. వానాకాలంలో తోలు సంచిలోనూ, కాన్వాసు సంచిలోనూ దాచవద్దు. గాలి తగిలే బీరువాలో తాళం వేసి, వారానికొకసారి బయటికి తీసి పొడిగుడ్డతో తుడవండి.