నురగ లేని ఊపిరితిత్తులు

అధ్యక్షోపన్యాసం అనగానే శాస్త్రం మొత్తాన్నీ ఒక చుట్టు చుట్టి రావడం ఆనవాయితీ. ఈ పూట దాన్ని పక్కనపెట్టి ఒకే ఒక డాక్టరమ్మ గురించి మాట్లాడుకుందాం. పేరు మేరీ ఎలెన్ ఏవరీ. పుట్టింది 1927లో, అమెరికాలోని న్యూజెర్సీలో.

1950ల్లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మూలుగుతూ, డొక్కలెగరేస్తూ, రెండు మూడు రోజుల్లో కన్నుమూస్తుంటే వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. శవపరీక్షలో ఊపిరితిత్తుల్లో గాజులాంటి పొర కనబడేది. అందుకే జబ్బుకు హయలిన్ మెంబ్రేన్ డిసీజ్ అని పేరు పెట్టి, ఆ పొర ఎక్కణ్ణుంచి వస్తోందని తలలు పట్టుకున్నారు. ఏవరీ చూపు ఇంకోచోట పడింది. వేరే కారణాలతో పోయిన శిశువుల ఊపిరితిత్తుల్లో చిక్కటి నురగ ఉంది. వీళ్లలో లేదు. ఎందుకు లేదు?

జాన్స్ హాప్కిన్స్‌లో వైద్యం చదివి, క్షయ సోకి కొంతకాలం మంచాన పడి లేచిన మనిషి ఆమె. ఊపిరితిత్తుల మీద ఆసక్తి ఆ జబ్బుతోనే ముదిరింది. బోస్టన్‌లో జెరీ మీడ్ దగ్గర పరిశోధనలో ఉండగా, జాన్ క్లెమెంట్స్ చేసిన పరికరం సంగతి తెలిసింది. ఆయన యుద్ధ వాయువులు ఊపిరితిత్తుల్ని ఏం చేస్తాయో తేల్చడానికి అమెరికా సైన్యం పెట్టుకున్న శాస్త్రవేత్త. ద్రవాల తలతన్యతను, అంటే ఉపరితలపు బిగువును, కొలిచే ఆ తక్కెడను ఆమె వెళ్లి చూసి వచ్చి, తానూ ఒకటి అమర్చుకుంది. చంపే విద్య నీడలో పుట్టిన పనిముట్టు పురిటిబిడ్డలకు పనికొచ్చింది. 1959లో మీడ్‌తో కలిసి ఫలితం ప్రచురించింది: ఈ బిడ్డల ఊపిరితిత్తుల్లో తలతన్యతను తగ్గించే సర్ఫాక్టెంట్ కొరవడింది, అందుకే నురగ లేదు.

సర్ఫాక్టెంట్ లేకపోతే గాలిగదులు తడిసిన ప్లాస్టిక్ సంచి పొరల్లా అతుక్కుపోతాయి. ప్రతి శ్వాసకూ బిడ్డ వాటిని మళ్లీ మొదటినుంచీ విడదీసుకోవాలి. ఆ శ్రమకే ప్రాణం అలిసిపోతుంది.

తెలిసినంత మాత్రాన మందు చేతికి రాలేదు. 1963 ఆగస్టులో అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ అయిదున్నర వారాలు ముందే పుట్టి, ఇదే జబ్బుతో 39 గంటలకు పోయాడు. 1972లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ అనే ఇద్దరు కాన్పుకు ముందే తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే మేలని చూపించారు. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పదిమంది శిశువుల శ్వాసనాళంలోకి ఎక్కించి ఫలితం చూపించాడు.

పాట్రిక్ చనిపోయిన బోస్టన్ పిల్లల ఆసుపత్రికే 1974లో ఏవరీ ప్రధాన వైద్యురాలైంది. అప్పటికి వెంటిలేటర్లు వచ్చాయి. వాటితో బతికిన పిల్లల్లో చాలామందికి ఊపిరితిత్తులు దెబ్బతిని, వారాల తరబడి ఆక్సిజన్ తప్పేది కాదు. ఏవరీ బృందం ఎనిమిది శిశు వైద్య కేంద్రాల లెక్కలు పక్కపక్కన పెట్టి 1987లో ప్రచురించింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఈ బెడద అన్నిటికంటే తక్కువ. అక్కడెందుకు తక్కువ?

అక్కడ గొంతులో గొట్టం వేయడానికి తొందరపడేవారు కాదు. ముక్కుకు చిన్న గొట్టాలు పెట్టి, గాలి బయటికిపోయే గొట్టం కొసను నీళ్లసీసాలో ముంచేవారు. కొస ఎంత లోతున ఉంటే లోపల అంత ఒత్తిడి, ఆ ఒత్తిడికి గాలిగదులు మూసుకుపోవు. సీసాలో బుడగలు వస్తున్నాయా లేదా అని నర్సు ఓ కంట కనిపెడితే సరి. మిషను ఎదురుగా ఉంటే మన డాక్టర్ల చేతులు ఊరుకోవు గానీ, చాలామంది బిడ్డలకు ఇది చాలు.

ఊపిరి కుదిరితేనే పాలు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒక వరసలో పడేది సుమారు 34 వారాలకు. అందాకా అమ్మ పిండిన పాలు గొట్టంలోంచే. తర్వాత మన ఉగ్గుగిన్నె వంటి పాలడై. బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, గిన్నె మూతి పెదవి చివర ఆనించి, కొద్దికొద్దిగా వంచాలి. మింగిందాకా ఆగాలి. పెదవులు నీలమైతే గిన్నె తీసేయాలి.

2011లో ఏవరీ కన్నుమూసింది. మరో పదేళ్లకు మన దేశంతో సహా అయిదు దేశాల్లో జరిగిన అధ్యయనం తక్కువ బరువు బిడ్డను పుట్టిన వెంటనే అమ్మ రొమ్ముకు హత్తుకుని ఉంచితే మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయని తేల్చింది. మన శిశు వార్డుల్లో చాలాచోట్ల నేటికీ లేనిది అమ్మకు మంచం. ఆమె బయట వరండాలో, పాలగిన్నె పట్టుకుని, పిలుపు కోసం కూర్చుని ఉంటుంది. ఎందుకు లేదని అడిగే వంతు ఇప్పుడు ఈ సభది.