విదేశీ ఫెలోషిప్పులు: మన అధ్యాపకులు ఎక్కడ ఆగిపోతున్నారు?

(నూజివీడులో జరిగిన ముస్లిం అధ్యాపకుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తోటల్లో కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులివి. మీలో చాలామంది ఒక పూట పని మానుకొని ఇక్కడికి వచ్చారు. కనుక సూటిగా విషయానికి వస్తాము.

పిల్లల చదువుల గురించి మన సభల్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాము. ఆ పిల్లలకు చదువు చెప్పేవారి చదువు గురించి మాత్రం ఇంతవరకు మాట్లాడుకోలేదు. డిగ్రీ కళాశాలల్లో, ఇంజనీరింగ్ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్న మన అధ్యాపకులు కొన్ని నెలలో, ఒక ఏడాదో విదేశీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి తిరిగి రావడానికి అంతర్జాతీయ ఫెలోషిప్పులు ఉన్నాయి. వాటి ఖర్చు ఇచ్చే సంస్థదే. మతం అడ్డు లేదు. అయినా మనవాళ్లు అక్కడ కనిపించడం అరుదు. ఎందుకన్నదే ఈనాటి మన ప్రశ్న.

ముందు మన స్థితి చూద్దాం. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలోని విద్యార్థుల్లో ముస్లింలు 4.6 శాతం మాత్రమే. అంతకుముందు సంవత్సరం 21 లక్షలున్న మన విద్యార్థుల సంఖ్య ఆ ఏడాది 19.21 లక్షలకు పడిపోయింది. అదే సర్వేలో అధ్యాపకుల లెక్క చూస్తే నూటికి ఆరుగురు కూడా మనవారు లేరు. తరగతి గదిలో తనలాంటి పేరున్న అధ్యాపకుణ్ణి ఒక్కసారి కూడా చూడని పిల్లవాడికి, ఆ కుర్చీలో తానూ కూర్చోవచ్చునన్న ఆలోచన ఎక్కడినుంచి వస్తుంది?

నూజివీడువారికి ఈ మాట మరింత దగ్గరిది. 2008లో స్థాపించిన ట్రిపుల్ ఐటీ మన ఊళ్లోనే ఉంది. కృష్ణా విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం ఉంది. మామిడి పరిశోధన స్థానం ఉంది. మామిడి మీద ప్రపంచమంతటా పరిశోధనలు జరుగుతున్నాయి. తేనెమంచు పురుగు, పండు ఈగ, కోత తరువాత కాయ నిలవ, ఎగుమతికి కావలసిన శుభ్రత, ఇవన్నీ మన తోటల సమస్యలే. వాటిని చిన్నప్పటినుంచి కళ్లారా చూసిన తోట కౌలుదారుల బిడ్డ పరిశోధకుడైతే, పుస్తకంలో చదివినవాడి కంటే రెండడుగులు ముందే ఉంటాడు.

ఇక దారులు మూసుకుపోతున్న సంగతి. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉండిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును ఇతర పథకాలతో కలిసిపోతున్నదన్న కారణం చూపి 2022 డిసెంబరులో కేంద్రం నిలిపివేసింది. విదేశీ చదువుల రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చే ‘పఢో పర్‌దేశ్’ పథకం కూడా 2022-23 నుంచి ఆగిపోయింది. వీటి పునరుద్ధరణ కోసం మన పోరాటం సాగాలి, సాగుతుంది. అయితే పోరాటం ఫలించేదాకా తెరిచి ఉన్న తలుపులను తట్టకుండా కూర్చోవడం మన పిల్లలకు మనమే చేసే అన్యాయం.

ఒక విషయం గమనించండి. భారత, అమెరికా ప్రభుత్వాల మధ్య ఫుల్‌బ్రైట్ ఒప్పందం 1950 ఫిబ్రవరి 2న కుదిరింది. ఆనాడు దేశ విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. ఆయన పేరిట ఉన్న ఫెలోషిప్పు ఆగిపోయింది కాని, ఆయన కాలంలో తెరిచిన ఆ తలుపు ఇంకా మూయలేదు. 2008లో భారత ప్రభుత్వం అందులో సమాన భాగస్వామి అయ్యాక దానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ అన్న పేరు వచ్చింది.

చదువు కోసం దేశం దాటడం మనకు కొత్తా? హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. దాని తొలి తరం విద్యార్థి రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, అక్కడినుంచి జర్మనీలోని లైప్‌జిగ్‌కు వెళ్లి హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి, తిరిగి వచ్చి ఉస్మానియాలోనే గణితం బోధించారు. 1908లో హైదరాబాదులో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివి, బాన్‌లో ఒకటి, పారిస్‌లో ఒకటి డాక్టరేట్లు పొంది, తిరిగి ఉస్మానియా తరగతి గదికి వచ్చారు. తరువాతి కాలంలో ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించినది ఆయనే.

ఆంధ్ర ప్రాంతం సంగతి వేరా? యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా ఉంటూ 1920ల ఆరంభంలో హార్వర్డ్‌కు బయలుదేరారు. చేతిలో డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూత, మామగారు కూడబెట్టిన సొమ్ము ఆయనను ఓడ ఎక్కించాయి. ఒక ఊరి ధర్మనిధి ఒక అధ్యాపకుడి ప్రయాణానికి సాయపడితే దాని ఫలితం వైద్యశాస్త్ర చరిత్రలో నిలిచింది. వక్ఫ్, సదఖా సంప్రదాయం ఉన్న మనకు ఈ ఉదాహరణ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఏయే దారులున్నాయో క్లుప్తంగా చెబుతాము. ఫుల్‌బ్రైట్-నెహ్రూ కింద ఇక్కడి విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ నమోదు చేసుకున్నవారు ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో పరిశోధన చేయవచ్చు. పీహెచ్‌డీ పూర్తయిన అధ్యాపకులు అక్కడ బోధన గాని, పరిశోధన గాని, రెండూ గాని చేయడానికి వేరొక ఫెలోషిప్పు ఉంది. విమానం టికెట్టు, నెలవారీ భత్యం, ఆరోగ్య బీమా వారే భరిస్తారు. దరఖాస్తుకు రుసుము లేదు. 1959లో మొదలైన కామన్వెల్త్ స్కాలర్‌షిప్పుల్లో ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూనే ఏడాది వరకు బ్రిటన్‌లో పనిచేసే పద్ధతి ఒకటి ఉంది. 1925లో ఏర్పడిన జర్మన్ సంస్థ డాడ్, విశ్వవిద్యాలయ అధ్యాపకులకు ఒకటి నుంచి మూడు నెలల పరిశోధన యాత్రలకు సాయం చేస్తుంది. పీహెచ్‌డీ అయినవారికి అదే దేశంలో హంబోల్ట్ ఫెలోషిప్పు ఉంది. గడువులు, నిధులు, అర్హతలు ఏటేటా మారుతుంటాయి గనుక ఆయా సంస్థల అధికారిక ప్రకటనను మాత్రమే నమ్మండి. ఫుల్‌బ్రైట్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవారెవరైనా సరే, వారిని మోసగాళ్లుగానే భావించండి.

ఇందులో మనకు ప్రత్యేకమైన మేలు ఒకటుంది. విదేశీ చదువు అనగానే బ్యాంకు రుణం, రుణం అనగానే వడ్డీ. ఆ వడ్డీకి భయపడి ఎన్నో దీనీ కుటుంబాలు ఆ ఆలోచననే వదులుకున్నాయి. ఫెలోషిప్పు అప్పు కాదు. వడ్డీ లేదు, అసలూ తిరిగి కట్టనక్కరలేదు. మన మనస్సాక్షికి ఇబ్బంది లేని ఈ మార్గాన్ని మనమే ఎక్కువగా వాడుకోవలసింది.

మరి ఎక్కడ ఆగిపోతున్నాము? మాకు తెలిసిన ఒక సోదరి సంగతి చెబుతాము. ఆమె తండ్రి తోటలు కౌలుకు తీసుకొని పిల్లలను చదివించారు. ఆమె ఒక ప్రైవేటు కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తూ, పండ్ల నిలవ మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. విదేశంలోని ఒక ప్రొఫెసర్‌కు తన పని గురించి రాస్తే ఆయన సంతోషంగా ఆహ్వాన లేఖ పంపారు. ఆహ్వానం వచ్చిన తరువాత మొదలయ్యాయి చిక్కులు. పదో తరగతి ధ్రువపత్రంలో ‘షేక్’ ఒక అక్షరక్రమంలో, డిగ్రీ పత్రంలో మరో అక్షరక్రమంలో, పాస్‌పోర్టులో మూడో విధంగా ఉంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనుక. సరిచేయించుకోవడానికి నెలలు పట్టింది. ఇంతలో సెలవు ఇస్తామన్న లేఖ కళాశాల యాజమాన్యం ఇవ్వలేదు. వెళ్తే ఉద్యోగం ఉండదన్నారు. గడువు దాటిపోయింది. ఆ ఆహ్వాన లేఖ ఇప్పటికీ ఆమె బీరువాలో ఉంది. ప్రతిభ లేక ఆగిపోయిన కథ కాదిది. కాగితాల దగ్గర, సెలవు దగ్గర ఆగిపోయిన కథ.

మామిడి రైతులకు ఈ లెక్క బాగా తెలుసు. నాటిన అంటు మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. తొందరపడి వచ్చిన పూతను మొదటి ఏళ్లలో మీరే తుంచేస్తారు, చెట్టు నిలదొక్కుకోవాలని. ఫెలోషిప్పుకూ ఆ ఓపికే కావాలి. సాధారణంగా ఫుల్‌బ్రైట్ ప్రకటన కాయ కట్టే రోజుల్లో వస్తుంది, కోతలు ముగిసే వేళకు గడువు ముగుస్తుంది, ఎంపికైనవారు మరుసటి ఏడాది వర్షాకాలంలో బయలుదేరుతారు. అయితే దరఖాస్తులో చూపవలసిన పీహెచ్‌డీ నమోదు, ప్రచురించిన వ్యాసాలు, సిఫారసు లేఖలు, విదేశీ ప్రొఫెసరుతో పరిచయం, ఇవన్నీ ప్రకటన వచ్చాక సమకూరేవి కావు. కనీసం రెండు మూడేళ్ల ముందు మొదలు కావాలి.

అందుకే ఈ సభ ముందు నాలుగు పనులు ఉంచుతున్నాము.

మొదటిది పేర్లు. షేక్, సయ్యద్, మొహమ్మద్, పఠాన్, ఇంటిపేరు ఏదైనా కానివ్వండి, పదో తరగతి ధ్రువపత్రం మొదలు పాస్‌పోర్టు దాకా ఒకే అక్షరక్రమం ఉండాలి. బడిలో చేర్చే రోజునే తల్లిదండ్రులు ఈ జాగ్రత్త పడాలి. పెద్దల కాగితాలు సరిచేయించడానికి మన మసీదు కమిటీలు నెలకొక ఆదివారం సహాయ కేంద్రం నడపాలి.

రెండవది సెలవు. శాశ్వత అధ్యాపకులకు మూడేళ్ల సర్వీసు తరువాత అధ్యయన సెలవు పొందే వీలు యూజీసీ 2018 నిబంధనల్లో ఉంది. తిరిగి వచ్చి నిర్ణీత కాలం పనిచేస్తామని ఒప్పందం రాసివ్వాలి. ఒప్పంద అధ్యాపకులకు, ప్రైవేటు కళాశాలలవారికి ఈ రక్షణ అందడం లేదు. కనీసం ముస్లిం యాజమాన్యంలోని విద్యాసంస్థలైనా ఫెలోషిప్పు పొందిన అధ్యాపకుల ఉద్యోగాన్ని వారు తిరిగి వచ్చేదాకా నిలిపి ఉంచుతామని లిఖితపూర్వకంగా ప్రకటించాలి. ఇతరులను అడిగే ముందు మన ఇంటినుంచి మొదలుపెడదాం.

మూడవది చిన్న నిధి. ఫెలోషిప్పు పెద్ద ఖర్చు భరిస్తుంది. దానికి ముందు వచ్చే చిన్న ఖర్చులు మనవాళ్లను నిలబెట్టేస్తున్నాయి: పాస్‌పోర్టు, ఆంగ్ల పరీక్ష రుసుము, ధ్రువపత్రాల నకళ్లు, ఢిల్లీ, చెన్నై ప్రయాణాలు. వీటికి ఖర్జె హసనా పద్ధతిన వడ్డీ లేని నిధి ఏర్పాటు చేద్దాం. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చునా అన్నది ఉలమాలను అడిగి తేల్చుకుందాం. సదఖాకు, విరాళాలకు ఆ సందేహం లేదు.

నాలుగవది తోడు. పరిశోధన ప్రతిపాదనను రాసిన మనిషి కాక మరో ఇద్దరు చదవాలి. కర్నూలులో అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం, హైదరాబాదులో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడి అనుభవజ్ఞులను ఏడాదికి రెండుసార్లు ఇక్కడికి పిలిపించి మన యువ అధ్యాపకుల రాతప్రతులు చూపించాలి.

మన సోదరీమణుల విషయంలో ఇంకొక్క మాట. ఒంటరి ప్రయాణం గురించి కుటుంబాలకు ఉండే ఆందోళనను మేము తేలిగ్గా తీసుకోము. కొన్ని ఫెలోషిప్పులు కుటుంబ సభ్యుణ్ణి వెంట తీసుకువెళ్లడానికి సాయం చేస్తాయి. కొన్ని యాత్రలు నెల, రెండు నెలలలో ముగుస్తాయి. కనుక నిరాకరించే ముందు వివరాలు అడగండి. భర్త, తండ్రి, అన్నదమ్ములు దరఖాస్తు పత్రం ముందు ఆమెతో పాటు కూర్చోండి. బీరువాలో మరో ఆహ్వాన లేఖ మూలుగుతూ ఉండకూడదు.

వెళ్లినవారు అక్కడే ఉండిపోతారేమోనన్న భయం కూడా కొందరిలో ఉంది. ఫుల్‌బ్రైట్ వీసా నిబంధన ప్రకారం వెళ్లినవారు తిరిగి వచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. తిరిగి వచ్చిన ఒక్క అధ్యాపకురాలి చేతిమీదుగా ఏటా ఎంతమంది పిల్లలు పాఠం వింటారో లెక్క వేసుకోండి.

మనకు అందిన మొదటి దివ్యవాణి ‘ఇఖ్రా’ అన్న ఆజ్ఞతో మొదలైంది. బోధించేవారికీ ఆ ఆజ్ఞ వర్తిస్తుంది. ఈ సభ ముగిసేలోగా మీలోని అధ్యాపకులు తమ పేరు, విషయం, పీహెచ్‌డీ ఏ దశలో ఉన్నదీ బల్లమీది పుస్తకంలో రాసి వెళ్లండి. వచ్చే కోతల నాటికి కనీసం ముగ్గురి దరఖాస్తులు సిద్ధం చేయించే బాధ్యత మేము తీసుకుంటాము. అల్లాహ్ మన ప్రయత్నంలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.