నమూనా విమానము - విద్యుత్ సామగ్రి
(ఖరగపూరులో చేసిన ప్రసంగ పాఠము)



నేను చరిత్ర చదివినవాడను. విద్యుత్తుతో నా పరిచయము నెలవారీ బిల్లుతోనే. అయినను మా చిన్నవాని రేడియో విమానమునకు మోటారు నేనే కొంటిని. వేగము గలదే మేలని తలచి, దానికి పెద్ద ప్రొపెల్లరు బిగించితిని. మొదటినాడే స్పీడు కంట్రోలరు పొగలు గ్రక్కినది. పిల్లవాడు రెండు దినములు నాతో మాటాడలేదు.

రైలు పట్టణమువారికి వేరుగ చెప్పనేల? బండి బరువు తెలియక ఇంజను తగిలింపరు కదా! ముందుగా విమానమును తూచవలెను. కిలో బరువుగల శిక్షణ విమానమునకు సుమారు 200 వాట్లు చాలును. మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ 11.1 వోల్టులిచ్చును, భాగించిన 18 ఆంపియర్లు. కంట్రోలరు 30 ఆంపియర్లదైన నిశ్చింత.

మోటారుపై నుండు 'కేవీ' సంఖ్య, భారము లేనపుడు వోల్టుకు నిమిషమునకెన్ని చుట్లో తెలుపును. 1000 కేవీది గూడ్సు ఇంజను, పది అంగుళముల ప్రొపెల్లరును త్రిప్పును. 2200 కేవీది మెయిలింజను, ఆరంగుళములే దానికి తగును. నేను మెయిలింజనుకు గూడ్సుబండి తగిలించితిని! వ్యాసము పదియవవంతు పెంచినను, అదే వేగమునకు శక్తి దాదాపు సగము అదనముగ కావలెను.

ఈ బ్యాటరీలు అంటుకొనగలవు. చార్జి యగునంతసేపు ప్రక్కనే యుండుడు. కలైకుండ వైమానిక స్థావరము మనకు చేరువ గనుక, 2021 డ్రోను నియమావళి ప్రకారము అనుమతిగల తావు చూచుకొనిన పిమ్మటనే మా రెండవ విమానము ఎగురును. ఈసారి తూకము చిన్నవాడే వేసినాడు.