బుద్ధివికాసము మందగించిన బిడ్డల చదువు
(వినుకొండలో గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మిరపకోతల కాలమున తెల్లవారకమునుపే మన ఊళ్లలోని ఇండ్లు ఖాళీ అగును. పెద్దలు చేలకు, పిల్లలు బడికి పోవుదురు. ఇంటివద్ద మిగిలిపోవు ఒక బిడ్డను గూర్చి నేడు మాటలాడదలచినాము. వానికి నడక, మాట ఆలస్యముగా వచ్చినవి. బడిలో వేసిన కొన్నాళ్లకే "వీనికి చదువు రాదు" అని ఇంటికి పంపివేసిరి. ఇట్టి బిడ్డ లేని గ్రామము అరుదు.

ఆ "రాదు" అను మాటను శాస్త్రరీతిని పరీక్షించిన వారిలో ఆచార్య జయంతీ నారాయణ్ ముఖ్యులు. 1984లో కేంద్రప్రభుత్వము సికిందరాబాదులోని మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పెను. ఇప్పుడా సంస్థ పేరు మారినది. ఆమె అందు ప్రత్యేక విద్యావిభాగమునకు అధిపతిగా ఉండి, ఉపాధ్యాయుల శిక్షణలోను, పరిశోధనలోను పనిచేసిరి. ఆ పరిశోధన గ్రంథాలయములలో దాచుకొనుటకు చేసినది కాదు. తరగతిగదిలో ఉపాధ్యాయుని చేతికి అందవలసిన పనిముట్లను తయారుచేయుటయే ఆమె ఆసక్తి.

సహోద్యోగులతో కలిసి ఆమె రూపొందించిన పరిశీలనపట్టిక ఒకటి కలదు. "ఫంక్షనల్ అసెస్‌మెంట్ చెక్‌లిస్ట్" అని దాని పేరు. పేరు ఇంగ్లీషుదే గాని, లోని విషయము మన తల్లులు ఎరిగినదే. బిడ్డ అన్నము తినుట, బట్టలు తొడుగుకొనుట, డబ్బులు గుర్తించుట, నలుగురితో మెలగుట మున్నగు పనులను అందు వరుసగా వ్రాసిరి. ప్రతి పనికి ఎదుట ఉపాధ్యాయుడు "వచ్చును, రాదు" అని మాత్రమే వ్రాసి ఊరకుండరాదు. తనంత చేయునా, కొంచెము గుర్తుచేసిన చేయునా, నోటితో చెప్పిన చేయునా, చేయి పట్టి చేయించవలెనా అని విడివిడిగా గుర్తించవలెను. మరియొక గుర్తు కూడ కలదు: ఆ పని చేయు అవకాశమే బిడ్డకు ఇంతవరకు కలుగలేదు అని. మా దృష్టిలో పట్టిక అంతటికి విలువైనది ఇదియే. మనము "రాదు" అని తీర్మానించిన వాటిలో ఎన్ని నిజముగా రానివో, ఎన్ని మనము చూపనివో అప్పుడు తేలును. నూటికి 80 వంతులు నేర్చిన బిడ్డను పై మెట్టునకు పంపుదురు.

కల్లములో తాలుకాయలను ఏరు పనినే చూడుడు. మొదట ఒక ఎర్రకాయను, ఒక తెల్లకాయను చేతికిచ్చి భేదము చూపవలెను. పిమ్మట రెండు గంపలు పెట్టి చేయి పట్టి వేయించవలెను. పిదప మాటతో, ఆ పైన సైగతో. పనిని చిన్న మెట్లుగా విడదీయుట ఈ విద్యకు ప్రాణము. బిడ్డను కూలికి సిద్ధపరచుటకు చెప్పినది కాదు సుమా! రంగుల భేదము, లెక్క, క్రమము అక్కడనే నేర్పవచ్చును.

మామూలు బడిలో నాలుగవ తరగతిలో కూర్చుండియు రెండవ తరగతి పాఠము చదువలేని పిల్లలు కలరు. వారి నిజమైన స్థాయి తెలిసికొనుటకును ఆమె ఒక పరీక్షాసాధనమును సిద్ధపరచిరి. చదువు ఎక్కడ ఆగినదో తెలిసిన గదా, అక్కడినుండి నేర్పుట!

చట్టము మీ పక్షమున ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టమును 2012లో సవరించి, తీవ్రవైకల్యము గల బిడ్డకు ఇంటివద్దనే చదువు కోరు హక్కు కల్పించిరి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నూటికి 40 వంతులకు తగ్గని వైకల్యము గల బిడ్డలకు 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచితవిద్య లభింపవలెను. దానిని సమీపపాఠశాలలో గాని, ప్రత్యేకపాఠశాలలో గాని పొందవచ్చును. మన రాష్ట్రమున మండలములందు "భవిత" కేంద్రములు ఇందుకై ఏర్పడినవి. పింఛను ఇప్పించుటతో పంచాయతీ పని తీరినదని తలచు అలవాటు మనలో కలదు. పింఛను కడుపునకు, బడి వేరు.

ఈ వినుకొండ గుర్రం జాషువా జన్మించిన ఊరు. బడిలో వెలి ఎట్లుండునో ఆ మహాకవి ఎరుగును. ఆ వెలి కులమువలన కలిగినది. ఈ బిడ్డలది మరియొక కారణమున కలుగుచున్నది.

ప్రతి వార్డు సభ్యుడును అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగి, బడికి పోని బిడ్డల పేర్లు వ్రాసి గ్రామసభలో ఉంచవలెను. వైద్యుని ధ్రువపత్రము లేని వారిని శిబిరమునకు పంపవలెను. బిడ్డను కేంద్రమునకు ఎవరు తీసికొనిపోవుదురు, బండి ఏది అను సంగతి మిరపకోతలు మొదలుకాకముందే తేల్చుకొనుడు. మొదలైన పిమ్మట పగటివేళ ఏ ఇంటను మాటలాడుటకు మనిషి దొరకడు.